మాస్కు తియ్యని మనిషి

మా ఆయన సాంబమూర్తికి డెబ్బై మూడో ఏట టీబీ వచ్చింది. ఆరు నెలలు మాత్రలు వాడాలన్నారు. అవి ఇంట్లో మింగితే చెల్లవు. రోజూ పాలీక్లినిక్‌కి వెళ్ళి నర్సు కళ్ళ ముందే మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాలి. ఈ దేశంలో పద్ధతి అది.

నాకు ఒళ్ళు మండింది ఆయన తయారవడం చూశాకే. ఇస్త్రీ చొక్కా, మొహానికి పౌడరు! నలభై ఆరేళ్ళ కాపురంలో నేనిచ్చిన బీపీ మాత్ర ఒక్కటైనా మారాం చెయ్యకుండా మింగాడా ఈ మహానుభావుడు? అక్కడ మాత్రం గుప్పెడు మింగి వస్తాడు.

ఇంట్లోనేమో మాస్కు. పడక హాల్లో సోఫా మీద. ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పి రెండు నెలలైంది, నా పరీక్షల్లోనూ ఏమీ లేదన్నారు. అయినా నా గదిలోకి రాడు, రెండు ముక్కలకు మించి మాట్లాడడు. నేనంటే మొహం మొత్తిందని తేల్చుకున్నాను.

ఒక మంగళవారం ఉండబట్టలేక, మేముండే యూ టీ పేటలో ఆయనెక్కిన బస్సు వెనకాలే వచ్చిన ఇంకో బస్సు ఎక్కాను. క్లినిక్‌లో అద్దం తలుపు అవతల మాస్కు తీసేసి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఎదురుగా యాభై ఏళ్ళ మలయ్ నర్సు, రొహానా.

ఆవిడే నన్ను చూసి బయటికొచ్చింది. "కమలా ఆంటీ కదా? అంకుల్ ఫోటో చూపించారు. అంకుల్‌ది డైలీ సేమ్ క్వశ్చన్ లా. మా ఆవిడకి ష్యూర్‌గా అంటదా, మళ్ళీ టెస్ట్ చెయ్యండి అని. ఏమీ లేదు, ఇంట్లో మాస్కు తియ్యండి అంటే వినరు" అంది, ఇక్కడివాళ్ళ 'లా' తగిలించిన ఇంగ్లీషులో.

తిరుగు బస్సులో నిలదీశాను. "ఆ భయమేదో నాకు చెప్పుకోకూడదా? ఆవిడకెందుకండీ చెప్పడం?"

ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "నీకు చెబితే ఏం కాదంటావ్. వచ్చి పక్కన పడుకుంటావ్. చిన్నప్పుడు క్రాంజీ ఊళ్ళో ఉన్నప్పుడు అమ్మకి ఇదే జబ్బు. దూరంగా షెడ్డులో పెట్టమన్నారు అందరూ. నాన్న వినలేదు. రోజూ అమ్మ పక్కనే పడుకునేవాడు. ఏడాది తిరక్కుండా ఇద్దరూ పోయారు. నాకప్పుడు ఆరేళ్ళు."

నేను జాలి పడాల్సింది. పడ్డాను కూడా, తర్వాత. ముందు మాత్రం, ఎన్నడూ చూడని మా అత్తగారి మీద అసూయ పుట్టుకొచ్చింది. ఆవిడ పక్కన మొగుడు పడుకున్నాడు.