గాలి ఇంజను మీద తడి గోనె

రామవ్వకు ఆ గాలి ఇంజను మీద మొదటినుంచీ కోపమే. పాత ఇంజనే నయం. పక్కన నీళ్ల తొట్టి ఉండేది, తొట్టి నీళ్లతోనే చల్లబడేది. ఇదేమో నీళ్లు ముట్టదు. ఒళ్లంతా ఇనుప రెక్కలు పెట్టుకుని గాలితోనే బతుకుతుంది. భర్త సిద్దిరాములు దుబాయి పోయేముందు దీన్ని కొని, నీళ్లు తోడడానికి బాయి గడ్డమీద కూర్చోబెట్టిపోయాడు. ఎవుసమంతా ఇప్పుడు రామవ్వ నెత్తినే ఉంది.

ఆ యేడు హస్తకార్తెలో ఒక్క చినుకు రాలలేదు. ఎల్లారెడ్డికి దాపునున్న ఆ ఊరి బాయిలదాకా కరెంటు తీగ ఇంకా రాలేదు. వరి పాలుపోసుకునే వేళ అది. గింజను గోటితో నొక్కితే పాలు చిమ్మాలి. ఆ పాలు గట్టిపడేదాకా మడి ఆరకూడదు, ఆరిందా, ఇక గింజ కాదు, తాలే. ఏడాది తిండి ఆ మడిలోనే ఉంది. సరిగ్గా అప్పుడే ఇంజను నూనె కక్కడం మొదలుపెట్టింది. ఖర్మ కాకపోతే ఏమిటి!

పొద్దున్నే ఎల్లారెడ్డినుంచి మెకానిక్ లతీఫ్ సైకిలేసుకుని వచ్చాడు. అప్పటిదాకా ఆగి ఆగి నడుస్తున్న ఇంజనును ఆపించి, తల వంచి చూశాడు. ఇంజను పైమూత హెడ్డును పట్టి ఉంచే నాలుగు స్టడ్లనే మరబోల్టుల చుట్టూ నూనె ఊరుతోంది. ఊరిన నూనె రెక్కల మీద పడి, దుమ్ముతో కలిసి మడ్డి కట్టింది.

"స్టడ్ల కాడ పట్టు పోయింది చెల్లె. నూనంత గీడికెల్లే పోతున్నది. గిట్లనే నడిపితే లోపల పట్టేసుకుంటది."

"గట్టిగ బిగియ్యరాదే అన్నా, అయిపాయె!"

"అయ్యో, గట్ల బిగిస్తే ఉన్న మర గూడ ఊడుతది. ఒక్కొక్క స్టడ్డు తీసి, మర కడిగి, జిగురు మందు రాసి, కింద రాగి వాషరు పెట్టి బిగియ్యాలె. గదిగూడ ఇంజను మొత్తం సల్లారినంకనే. ఉడుకు మీద విప్పితే హెడ్డు వంకర పోతది."

"సల్లారేదాక నా పొలం ఆగుతదా?"

"ఆత్రపు పెండ్లికొడుకు అత్త మెడల పుస్తె కట్టిండట!" అని నవ్వాడు లతీఫ్. "నేను కామారెడ్డి పోయి వాషర్లు, మందు తెస్త. నేనొచ్చేవరకు దానంతట అదే సల్లారుతది. దాన్ని ముట్టకు."

లతీఫ్ పోయాడు. రామవ్వ మడి గట్టు మీద నిలబడింది. నెర్రెల్లో వేలు పడుతోంది. గింజను నొక్కితే పాలు ఇంకా వస్తున్నాయి, కాకపోతే చిక్కబడి, బొట్టంత. ఇవాళ తడి అందితే బతుకుతుంది. ఆమె తిరిగొచ్చి ఇంజను దగ్గర చెయ్యి పెట్టింది. సెగ చురుక్కుమంది. ఇది ఎప్పటికి చల్లారాలి, అతడు ఎప్పుడు బిగించాలి, నీళ్లు ఎప్పుడు పారాలి?

ఎండలో బండి లాగి వచ్చిన ఎద్దు వీపు మీద తడి గోనె వేయడం ఆమెకు చిన్ననాటి అలవాటు. ఎద్దు ఒకసారి ఒళ్లు విదిల్చి, హాయిగా నిలబడేది. పాత ఇంజనయినా నీళ్లతోనే కదా చల్లబడేది! ఆత్రగానికి బుద్ధి మట్టు అంటారు. ఆమె గోనెసంచి బాయిలో ముంచి తెచ్చి, కాలుతున్న హెడ్డు మీద కప్పింది.

బుస్సుమని ఆవిరి లేచింది. ఆ ఆవిరిలోంచి టక్కున ఒక చప్పుడు. చిన్నదే, కానీ రామవ్వ చెవిన పడింది. గోనె లాగి పడేసింది. ఇంజను చుట్టూ తిరిగి చూసింది. మడ్డి కింద ఏమీ కనబడలేదు. ఏం కాలేదులే, ఏం కాలేదు, అనుకుంటూ గోనెను దూరంగా కంచె మీద ఆరేసింది.

పొద్దు వాలకముందే లతీఫ్ వచ్చాడు. హెడ్డు మీద చెయ్యి వేసి, "మంచిగ సల్లారింది. పైన మడ్డి గూడ పోయినట్టున్నది, తుడిచినవా చెల్లె?" అన్నాడు.

అదిగో, అప్పుడే చెప్పాల్సింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముట్టొద్దన్నదాన్ని ముట్టానని ఏ నోటితో చెప్పడం? సిగ్గేసింది, భయమేసింది.

"ఆ... బట్టతోని తుడిచిన."

"మంచి పని జేసినవ్."

ఆ మెచ్చుకోలు ఆమెను ముల్లులా గుచ్చింది. లతీఫ్ పానా పట్టుకుని కూర్చున్నాడు. హెడ్డు ఎత్తలేదు. ఒక స్టడ్డు తీసి, మర కడిగి, మందు రాసి, వాషరు పెట్టి కూర్చోబెట్టాకే ఇంకోదాని జోలికి పోయాడు. చివరకు నాలుగు నట్లనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు. ఆఖరి నట్టు మీద ఉండగా రోడ్డు మీద కామారెడ్డి పోయే ఆఖరి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

హ్యాండిల్ తిప్పాడు. ఇంజను అందుకుంది. స్టడ్ల దగ్గర నూనె జాడ లేదు. రామవ్వ ప్రాణం లేచొచ్చింది. అంతలోనే రెక్కల నడుమ బుస్సుబుస్సుమంటూ పొగ చిమ్మింది. ఇంజను రెండు గుటకలు వేసి ఆగిపోయింది. లతీఫ్ గుడ్డతో మడ్డి తుడిచి చూశాడు. రెక్కల సందులో వెంట్రుకంత పగులు.

అతడి మొహం వాడిపోయింది. తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. "నా చెయ్యే ఎక్కువ పడ్డట్టున్నది చెల్లె. ఇన్నేండ్ల పనిల ఎన్నడు గిట్ల కాలె."

రామవ్వ ఇక తట్టుకోలేకపోయింది. "నీ చెయ్యి గాదన్నా! నేనే తడిగోనె కప్పిన. టక్కుమన్నది. ఇన్న. ఇని గూడ చెప్పలె."

లతీఫ్ పానాను సంచిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

"నేను రాంగనే చెప్పొద్దా చెల్లె," అన్నాడు. "గా బస్సుకే పోయి పాత హెడ్డు దొరికిచ్చుకొని, పొద్దుగాల వరకల్ల ఎక్కిస్తుంటి. రేపు పీరీల పండుగ. కామారెడ్డిల పాతసామాన్ల దుకాన్లన్ని మావోళ్లయే, ఒక్కటి గూడ తెరువరు."

మర్నాడు ఊరంతా పీరీల వెంట పోయింది. రామవ్వ కుండతో నీళ్లు మోసింది. కుండ నీళ్లు ఏ మూలకు? నెర్రెలు మింగినవి మింగినట్టే ఉన్నాయి. పైగా రోజంతా పొడిగాలి.

పండుగ మర్నాడు లతీఫ్ మాట తప్పకుండా హెడ్డు తెచ్చి ఎక్కించాడు. ఇంజను ఒక్క చుక్క నూనె కక్కకుండా నడిచింది. కాలువలో నీళ్లు పరుగెత్తి మడిలోకి దూకాయి. రామవ్వ ఒక వెన్ను తెంపి గింజను గోటితో నొక్కింది. పాలు రాలేదు. ఇంకోటి నొక్కింది. గోటి కింద పొట్టు చప్పుడయింది.

లతీఫ్ చూశాడు. "బంద్ జెయ్యాల్నా చెల్లె?" అన్నాడు మెల్లగా.

రామవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నడువనియ్యన్నా. పసులకు గడ్డన్న అయితది."