తొమ్మిది గంటల బహస్‌లో తనూజ

పసుపు చీర కట్టుకోవే, టీవీలో మొహం కళగా ఉంటాది అన్నాను, కోడలు వినలేదు, పనికి కట్టుకెళ్లే నీలం చీరతోనే లోపలి గదిలో కూర్చుంది, ఎదురుగా పప్పుల డబ్బాకు ఆనించిన ఫోను, చెవిలో తీగ, నేను వంటగది గడపలో నిలబడ్డాను, ఎడమకు తిరిగితే తలుపు సందులో తనూజ, కుడికి తిరిగితే ముందుగది టీవీలో అదే తనూజ, అగ్గిపెట్టెంత చదరంలో, చుట్టూ పెద్దమనుషులు తలా ఒక చదరంలో, మధ్యలో ఆ యాంకరు, మేము అగ్రికోలో కంపెనీ క్వార్టర్లో ఉన్నప్పుడు నల్లజుట్టుతో మొదలుపెట్టినవాడు, క్వార్టరు వదిలి ఆదిత్యపూర్ వచ్చేశాం, అతని జుట్టు నెరిసింది, తొమ్మిది గంటల బహస్, ఆ వాదులాట, మాత్రం రోజూ నడుస్తూనే ఉంది, మా ఆయన పోలరాజు ప్లాంటులో క్రేను నడిపినన్నాళ్లూ, రిటైరయ్యాకా, దాని ముందు కూర్చుని టీవీకే జవాబులు చెప్పేవాడు, సహీ బోలా అని మెచ్చుకుంటూ, అరే గధా అని తిడుతూ, నాతో అన్ని మాటలు ఎన్నడూ మాట్లాడలేదు, ఇవాళ రిమోట్ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు, పక్కన మా కొడుకు ప్రవీణ్, కుడిచేతికి కట్టు, కట్టు లోపల వేళ్లు లేవు.

పప్పు అడుగంటుతోందేమో, మంట తగ్గించాను, ఆసుపత్రిలో వాడు చెప్పింది ఒక్కటే, గల్తీ మేరీ థీ, నాదే తప్పు, కునుకు పట్టి ప్రెస్సు మిషను కింద చెయ్యి పెట్టేశానని, వాడి ఫ్యాక్టరీ వాళ్లూ అదే అన్నారు, మా ఆయన ఊరుకోలేదు, నానిన్నేళ్లు కిరేను నడిపినాను, గోరు కూడా ఊడనేదు, నీ ద్యాస ఎటున్నాదిరా అని, అన్నం దగ్గర కూడా అదే మాట, నేనయితే ఒక్క మాట అనలేదు, ముద్దలు కలిపి నోట్లో పెట్టాను, పోనీలేరా, ఏదో పొరపాటైపోనాది అని తల నిమిరాను, నేనలా నిమిరినప్పుడల్లా తనూజ లేచి వెళ్లిపోయేది, తనూ అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది, నిన్న చానెల్ వాళ్లు ఈ ప్రమాదం గురించి మాట్లాడమంటే సరేనన్నప్పుడు ప్రవీణ్ ఎంత బతిమాలాడు, మత్ బోల్ తనూజా, చెప్పొద్దు, గేటు దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు, ఆ పనీ పోతుందని.

అదిగో, యాంకరు పిలిచాడు, జంషెడ్‌పూర్ నుంచి తనూజా జీ, ఆప్ బతాయియే, మీరు చెప్పండి అని, మా ఆయన ముందుకు వంగాడు, తనూజ హిందీలో అందుకుంది, ప్రెస్సుకు ఒక జాలీ ఉండేది, చెయ్యి లోపలికి పోకుండా, అంతే, టై కట్టుకున్నాయన అరిచాడు, పక్క చదరం ఆయన ఇంకా గట్టిగా అరిచాడు, కోడలి గొంతు టీవీలో తెగిపోయింది, పెదవులు మాత్రం కదులుతున్నాయి, ఏటే జోగమ్మా, పిల్ల బయపడిపోనాది, మాట రాడం నేదు అన్నాడు మా ఆయన, భయమా, నా ఎడమ చెవిలో వినిపిస్తూనే ఉందే, తలుపు వెనకనుంచి, ఆపేశారని తెలియక చెప్పుకుపోతూనే ఉంది, జాలీ ఉంటే పని నెమ్మదవుతుందని సూపర్వైజరు విప్పించాడు, నా కళ్లముందే, ప్రవీణ్ వద్దన్నాడు, అయితే మొగుడూ పెళ్లాం ఇంటికి పొండి అన్నారు, వేళ్లు పోయాక ఆసుపత్రికొచ్చి తప్పు నాదే అను, మీ ఇద్దరి పనీ ఉంటుంది అన్నారు, టీవీలో పెదవులు ఆ మాటలకు కాస్త వెనకబడి కదులుతున్నాయి, ఎప్పుడు వెళ్లానో, మా ఆయన చేతిలో రిమోట్ లాక్కుని టీవీ గొంతు పూర్తిగా తగ్గించేశాను, ఏటి సేత్తన్నావే అన్నాడు, ఉండండి, అటు కాదు, ఇటు ఇనండి.

విన్నాడు, పెద్దమనుషులంతా చప్పుడు లేకుండా నోళ్లు తెరుస్తుంటే, తలుపు వైపు తిరిగి చివరి దాకా విన్నాడు, ఏరా, నువ్వొద్దన్నావా అన్నాడు కొడుకుతో, హాఁ పాపా, మనా కియా థా, వద్దనే అన్నాను, మరి నాతో సెప్పనేదేట్రా, ఆప్‌నే పూఛా కహాఁ, మీరడిగిందెక్కడ, అవును, ఎవరడిగారు వాణ్ని, తనూజ చెవిలో తీగ తీస్తూ బయటకొచ్చింది, చెమట, మొహంలో వెలుగు, అత్తా, బాగా సెప్పినానా, అందరికీ ఇనపడిందా, అబద్ధం ఆడదామనుకున్నాను, నోరు రాలేదు, నేదమ్మా, నీ గొంతు నొక్కేసినారు, మాకే ఇనపడింది అన్నాను, కూలబడిపోతుందనుకున్నాను, లేదు, మావ కేసి చూసింది, మీకు ఇనపడిందా మావా అంది, ఆయన తలూపాడు, లేచి కొడుకు దగ్గరికెళ్లి ఆ కట్టు కింద తన చెయ్యి పెట్టి పట్టుకున్నాడు, రేపు లేబరాపీసుకి నానూ వత్తానమ్మా అన్నాడు, నేను గోడకు ఆనుకున్నాను, ఆయనలా తిట్టలేదు కదా, నేను మంచిదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ, పోనీలేరా అని తల నిమిరిన ప్రతిసారీ తప్పు నీదే అని నేనూ అన్నట్టే కదా, వాడి మీద జాలిపడకుండా లేచి వెళ్లిపోయింది తనూజ ఒక్కతే, ఈ ఇంట్లో వాడి తప్పు లేదని నమ్మిందీ తనొక్కతే.