యాసిడ్ తిన్న ముక్క

ఎముకల సర్జన్ తలుపు తట్టకుండానే ల్యాబ్‌లోకి వచ్చాడు.

“సంతకానికి ముహూర్తం చూస్తున్నారా డాక్టరుగారూ? రెండింటికి ఆపరేషన్. మోకాలు మీ ఆడపడుచుదే, పరాయివాళ్లది కాదు.”

“అందుకే ఆగాను,” అంది పాథాలజిస్టు, మైక్రోస్కోపు నుంచి తలెత్తకుండా.

ఆడపడుచుకు ముప్పయ్యారేళ్లు. కుట్టుమిషను తొక్కి బతుకుతోంది. కీలు అరిగిపోయిందని తేలితే మోకాలు కోసి లోహపుది పెడతారు. ఒంట్లోని రక్షణ కణాలే కీలు మీద పడ్డాయని తేలితే మందులతో సొంత మోకాలు నిలబడుతుంది. రంగు వేసిన కీలుపొర ముక్కలో ఆ కణాలు గోధుమరంగులో కనిపించాలి.

ఈ ముక్కలో ఒక్కటీ లేదు.

సర్జన్ పక్కనున్న తెర మీద చూశాడు. “కణాల్లేవు. అరుగుడే. ఇంకేం కావాలి?”

“ఆరోగ్యంగా ఉన్న మోకాల్లోనూ నాలుగు కణాలుంటాయి. ఇందులో అవీ లేవు. రంగు పనిచేస్తోందో లేదో చూడటానికి అదే గాజుపలక మీద పెట్టిన వేరే టాన్సిల్ ముక్కకి మాత్రం చక్కగా పట్టింది.”

ఆమె పెద్ద టెక్నీషియన్ వైపు తిరిగింది. ల్యాబ్‌లో అందరికీ ఆయన బాబాయే.

“బాబాయ్, దీన్ని యాసిడ్‌లో వేశారా?”

“ఎముక అంటుకునుందమ్మా. కత్తికి తెగలేదు. నిన్నంతా నానబెట్టాను.”

“ఎముకతోపాటు కణాల మీద రంగు అంటుకునే గుర్తులూ కరిగిపోయాయి. కాగితం మీద ఎందుకు రాయలేదు?”

“రాస్తే కసురుతారని.”

“ఇప్పుడు సన్మానం చేస్తాననుకున్నారా? సీసాలో యాసిడ్ తగలని ముక్క మిగిలింది. దానికి రంగు వెయ్యండి. నాలుగు గంటలు పట్టినా సరే.”

సర్జన్ నవ్వాడు. “వదినా మరదళ్లకి మాటల్లేవని ఆస్పత్రంతా తెలుసు. పగ తీర్చుకున్నారంటారు.”

“అననివ్వండి. నా సంతకం లేకుండా కత్తి పెట్టే ధైర్యముంటే పెట్టండి.”

తలుపు ధడాలున మూసుకుంది. కాసేపటికి వార్డు నుంచి ఆడపడుచు ఫోన్.

“పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు వదినా. మా అన్నయ్యని లాక్కున్నది చాలక నా కాలితో కూడా పేచీయా?”

“ఆకలేస్తే తిను. ఇవాళ ఆపరేషన్ లేదు.” పెట్టేసింది.

సాయంత్రం కొత్త గాజుపలక వచ్చింది. కీలుపొర నిండా గోధుమరంగు కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. రుమటాయిడ్ రకం కీళ్లవాతం. రిపోర్టు రాసి, సంతకం పెట్టి, తనే వార్డుకు తీసుకెళ్లింది.

సర్జన్ రెండుసార్లు చదివి, ఆపరేషన్ కాగితం మీద అడ్డంగా గీత కొట్టి వెళ్లిపోయాడు.

“అయితే నా కాలు నీ దయన్నమాట,” అంది ఆడపడుచు.

“దయేం లేదు. రేపట్నుంచి మందులు. మానేశావంటే ఈసారి నేనే కోయమంటాను.”

ఆడపడుచు గోడవైపు తిరిగింది. రెండు చేతులూ మోకాలిని గట్టిగా పట్టుకునే ఉన్నాయి.