కార్వేటినగరం భోషాణం

సుందరరాజు అంటే నాకు కడుపుమంట. దాచుకోవడం ఎందుకు? ఆయన నా షడ్డకుడు, మా ఆవిడ లోకేశ్వరికి అక్క మొగుడు. మా ఇద్దరికీ పాత సామాన్ల పిచ్చి. చిత్తూరు చుట్టుపక్కల ఎక్కడ పాత ఇల్లు పడగొడుతున్నా ఇద్దరం పరుగెత్తుతాం. నాకు సొట్టలు పడ్డ చెంబులు దొరుకుతాయి. ఆయనకు గొలుసులతో సహా ఉయ్యాలబల్ల దొరుకుతుంది. దాన్ని చూసొచ్చిన రోజు మా ఆవిడ పడుకునేదాకా బావనే మెచ్చుకుంటూ ఉంటుంది. నేను తెచ్చిన ఒక్క వస్తువునైనా ఆమె ఒక్కసారి అలా మెచ్చుకుంటే చాలు, నాకు ఇంకేం అక్కర్లేదు.

అందుకే కార్వేటినగరంలో దేవకమ్మగారి ఇల్లు పడగొడుతున్నారని తెలియగానే, ఆయనకు చెప్పకుండా లోకేశ్వరిని వెంటబెట్టుకుని పొద్దున్నే బయల్దేరాను. వెళ్ళేసరికి వీధిలో ఆయన కారు. నా ఒళ్ళు మండిపోయింది.

నడవలో టేకు భోషాణం ఉంది. మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు, అంత పెద్ద పెట్టె. మూత నిండా ఇత్తడి పువ్వులు. సుందరరాజు ఆ మూతను నిమురుతున్నాడు.

"అమ్మా, ఇది నాకే. మీరెంతంటే అంత," అన్నాను దేవకమ్మతో.

"కొలతలన్నా సూడవా? మనింట్లో యాడ పెడతావు?" అని గొణిగింది లోకేశ్వరి.

"నువ్వు గమ్మునుండు."

సుందరరాజు చెయ్యి తీసేసి నవ్వాడు. "తీసుకోప్పా గంగాధరం, మంచి సామాను. తిరుచానూరులో కట్టే ఇంటికి నాకు ఈ వీధి ద్వారబంధం చాల్లే," అన్నాడు. గెలిచానని లోలోపల సంబరపడ్డాను.

పెట్టెను మోస్తున్నవాళ్ళు వాకిలి దగ్గర ఆగిపోయారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. పట్టలేదు.

"పెట్టె లోపల పెట్టినాకనే మా మామ ద్వారబంధం నిలబెట్టించినాడంట నాయనా. ఎవురూ ఎత్తకపోకుండా," అంది దేవకమ్మ.

అంటే సుందరరాజు తన ద్వారబంధం పీకించేదాకా నా పెట్టె కదలదు. ఆయన గడపకు పసుపు రాయించి, దేవకమ్మ చేత దండం పెట్టించి, నిదానంగా పీకించాడు. నేను పక్కన నిలబడి పళ్ళు కొరుక్కున్నాను. "బావ ఉండబట్టి సరిపోయింది," అంది లోకేశ్వరి.

తిరుపతిలో మా అపార్టుమెంటు లిఫ్టులో అది పట్టలేదు. మెట్ల మలుపులోనూ తిరగలేదు. విడదీస్తే పలకలు పగులుతాయని వడ్రంగి చేతులెత్తేశాడు. ఇంక దారి లేక సుందరరాజుకే ఫోన్ చేశాను. ఆ మాట అడగడానికి ప్రాణం పోయినంత పనైంది.

"దానికేముండాదప్పా, మా కొత్తింట్లో పెట్టు. నీ పెట్టె నీదే," అన్నాడు.

పెట్టాం. మరునాడే ముహూర్తం బాగుందని ఆ వాకిట్లోనే కార్వేటినగరం ద్వారబంధం నిలబెట్టేశారు.

గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా హాల్లో దాని చుట్టూ మూగారు. "ఇది మా గంగాధరానిది," అని సుందరరాజు అడిగినవాళ్ళకల్లా చెబుతూనే ఉన్నాడు. అది ఆయన మంచితనం అనుకున్నారు అందరూ. నాకు ఏడుపొక్కటే తక్కువ.

లోకేశ్వరి కొంగుతో ఇత్తడి పువ్వులు తుడిచింది. నాలుగడుగులు వెనక్కి వచ్చి, నా పక్కన నిలబడి, కళ్ళార్పకుండా చూసింది. ఇన్నేళ్ళలో నేను తెచ్చిన ఏ వస్తువునూ ఆమె అలా చూడలేదు.

"ఎంత బాగుండాదో సూడు," అంది మురిసిపోతూ, "బావోళ్ళ హాలు కోసమే చేసినట్టుండాది."