గోరంత సైన్యం

పార్సిల్ విప్పగానే వదిన నవ్వేసింది.

"ఇవి సైనికులా, ఆవగింజలా?"

"ఆరు మిల్లీమీటర్ల మనుషులు వదినా. ఎనిమిది వందల మంది. రంగులు మనమే వేసుకోవాలి," అన్నాను గొప్పగా.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట. అరవై రెండేళ్లొచ్చాయి నీకు!" అని, అంతలోనే గొంతు తగ్గించింది. "ఆయన చేత ఒక్కదానికైనా రంగు వేయించు. కత్తెర వదిలి ఎనిమిది నెలలైంది. ఆ చెయ్యి జేబులోంచి తియ్యడం లేదు."

నేను వచ్చిందే అందుకు. నేను గడియారాలు బాగుచేస్తాను. అన్నయ్య దర్జీ. నాన్న తర్వాత దుకాణం తనే నడిపాడు. కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక ఒకరోజు ఎవరిదో కోటు కాలరు వంకరగా కత్తిరించాడు. అంతే, దుకాణం మూసి తాళంచెవి వదిన చేతిలో పెట్టాడు. ఆ తర్వాత మాటలూ తగ్గిపోయాయి. ఇలాగే కూర్చుంటే మనిషి మాకు దక్కడని నా భయం.

మా యుద్ధాలు ఆ దుకాణంలోనే పుట్టాయి. మధ్యాహ్నం నాన్న కునుకు తీసే వేళ కత్తిరింపు బల్ల మాదే. చొక్కా గుండీలు కాల్బలం, కోటు గుండీలు గుర్రాలు, దారపు ఉండలు ఫిరంగులు. అట్ట చిరిగిన ఒక చరిత్ర పుస్తకంలో వంతెన దగ్గర జరిగిన యుద్ధం ఉండేది. ఎర్రకోట్ల వాళ్లు అన్నయ్య వైపు, బూడిదరంగు కోట్ల వాళ్లు నా వైపు. నాన్న టేపుతో కొలిచి మరీ జరిపేవాళ్లం. కాల్బలానికి నాలుగంగుళాలు, గుర్రానికి ఎనిమిది. పాచిక వేసి ఎవరు చచ్చారో తేల్చుకునేవాళ్లం. వంతెన దగ్గర ఎప్పుడూ నేనే ఓడేవాణ్ణి. "పెద్దయ్యాక నిజం బొమ్మలతో ఆడదాంరా," అని అన్నయ్య ఓదార్చేవాడు. ఇంతలో నాన్న లేచి రెండు సైన్యాలనూ ఒక్క ఊపుతో డబ్బాలోకి తోసేవాడు. అంత సుఖంగా నేను మళ్లీ ఎక్కడా ఓడిపోలేదు.

చిన్న బొమ్మలే ఎందుకు తెప్పించానంటే, వీటికి కళ్లూ ముక్కూ గీయక్కర్లేదు. పైగా యుద్ధం మొత్తం భోజనాల బల్ల మీద పట్టేస్తుంది. అన్నయ్య మాత్రం ఒక్కసారి చూసి, "నా వల్ల కాదు, నువ్వే వేసుకో," అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

సరే, నేనే వేశాను. కంటికి గడియారాల భూతద్దం బిగించుకుని, రెండు వారాలు కూర్చుని, ఎర్రకోట్ల వాళ్లు ఇరవైనలుగురిని పూర్తిచేశాను. గుండీలు పెట్టాను, బెల్టులు పెట్టాను, కొందరికి మీసాలు కూడా పెట్టాను. తెచ్చి బల్ల మీద బారుగా నిలబెట్టాను.

కుర్చీలోంచే చూశాడు అన్నయ్య. "ఏంట్రా అవి, తుప్పు పట్టిన మేకులా?"

"భూతద్దం పెట్టి చూడు! గుండీలతో సహా వేశాను!"

"యుద్ధాన్ని భూతద్దంలో చూస్తార్రా ఎవరైనా? నాన్న ఏం చెప్పేవాడు? కుట్టేవాడు బల్ల దగ్గర చూస్తాడు, మెచ్చేవాడు వీధిలోంచి చూస్తాడు. మూడడుగులు వెనక్కి వెయ్యి."

వేశాను. నిజమే, నా సైన్యమంతా మట్టిరంగులో కలిసిపోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టానని అర్థమయ్యేసరికి ఒళ్లు మండింది. నా కోపం ముక్కు మీదే ఉంటుంది.

"చెప్పడం ఎవరికైనా తేలికే. నువ్వు వేసి చూపించు!"

అన్నాక నాలుక కరుచుకున్నాను. గుమ్మంలో వదిన ఆగిపోయింది.

అన్నయ్య కుర్చీలోంచి లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. తర్వాత జేబులోంచి చెయ్యి తీశాడు. అది నేననుకున్నదానికంటే ఎక్కువ వణుకుతోంది.

"ఎరుపులో కాస్త నారింజ కలుపు. దూరం పోయేకొద్దీ రంగు చస్తుంది," అన్నాడు.

నేను ముందే నల్లరంగు పూసి, పట్టుకోవడానికి వీలుగా ఐస్‌క్రీం పుల్లకు అంటించిన బొమ్మల పట్టీ ఒకటి బల్ల మీద ఉంది. పట్టీకి నలుగురు సైనికులు. అన్నయ్య ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని కుంచె ఆనించాడు. కోటుకో చుక్క, ముఖానికో చుక్క, భుజం మీదుగా తెల్లగీత. కొన్ని తగిలాయి, కొన్ని పక్కకు పోయాయి. దగ్గరికి అన్నీ మచ్చలే.

"పాడుచేశాను," అని కుంచె పడేశాడు.

"మూడడుగులు వెనక్కి రా," అన్నాను.

ఇద్దరం గోడకు ఆనుకుని చూశాం. నా ఇరవైనలుగురూ బడిలో నిలబెట్టినట్టు బిగుసుకుని ఉన్నారు. అన్నయ్య నలుగురిలో ఒకడు ముందుకు వంగాడు, ఒకడు తొందరపడుతున్నాడు, చివరివాడు పక్కవాడి వైపు ఏదో అడుగుతూ తిరిగాడు.

"నడుస్తున్నార్రా," అన్నాడు అన్నయ్య.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఈలోపు వదిన ఎక్కణ్ణుంచి తీసిందో, నాన్న టేపు తెచ్చి బల్ల మీద పెట్టింది. అంకెలు సగం చెరిగిపోయాయి.

"పాచికలేవీ?" అన్నాడు అన్నయ్య.

"ఇంకా సైన్యమే తయారవలేదు కదా!"

"అయినప్పుడు మాత్రం వాటిని ఊపే పని నాదే. నాకు కష్టం ఉండదుగా," అని వణికే చేతిని గాల్లోకి ఎత్తి చూపించాడు. ఎనిమిది నెలల తర్వాత నవ్వాడు.

"ఇంకా ఎంతమంది మిగిలారు?" అని అడిగాడు.

"ఏడువందల డెబ్బైరెండు. రోజుకు పదిమందిని వేస్తే రెండున్నర నెలల్లో అయిపోతుంది."

అన్నయ్య కుంచె తుడిచి, మళ్లీ రంగులో ముంచాడు.

"అంత తొందరగా అయిపోవడం ఎందుకురా? రోజుకు నలుగురు చాలు."