నర్గిస్ గడ్డలు

మంచు కరిగిన చోట తడి మట్టి వాసన.

అంతే. పూల వాసన లేదు.

రహతీ పోయినప్పటి నుంచి ఇదే వరస. ప్రతి వసంతంలోనూ ఆమె నర్గిస్ పూల మడిలో ఆకులు లేస్తాయి — పచ్చగా, గుబురుగా, సిగ్గు లేకుండా. పువ్వు మాత్రం ఒక్కటీ రాదు.

ఊరందరిదీ ఒకటే మాట. "ఇల్లాలి కోసం తోట దుఃఖిస్తోంది, అహద్."

దుఃఖమట!

రహతీ జ్వరంతో మూలుగుతుంటే గుమ్మం తొక్కని వాళ్లు. ఇప్పుడు ఆకుల్లో కన్నీళ్లు వెతుకుతున్నారు.

అహద్ గనాయి దుఃఖించడు. ఉప్పు టీ కాచుకుంటాడు. ఒక్కడే తాగుతాడు. మడి వైపు చూసి మొహం తిప్పుకుంటాడు.

గోడ అవతల తమ్ముడు రంజాన్. చేతిలో కొలత తాడు.

"గడ్డి పెంచుతున్నావా భాయిజాన్? ఆ జాగా ఇస్తే నా ఆవుకి పాక వేసుకుంటా గదా!"

"వచ్చే వసంతానికి పువ్వు రాకపోతే తవ్వుకో. అందాకా ఆ తాడుతో నీ నాలుక కట్టేసుకో."

మాట ఇచ్చేశాడు. ఇచ్చాక తెలిసింది — ఆమెది అంటూ మిగిలింది ఆ మడి ఒక్కటేనని.

ఎండలు ముదిరాయి. ఆకులు పండి, వాలి, ఎండిపోయాయి. అప్పుడు తవ్వాడు.

గడ్డల మీద గడ్డలు. ఒకదాని డొక్కలో ఒకటి. చావింట్లో నాలుగో రోజు దాకా తిని కదలని చుట్టాల్లా…

దుఃఖం కాదు. ఇరుకు.

రహతీ వీటిని విడదీస్తూ ఉండేది. అతను హుక్కా పీలుస్తూ చూసేవాడు.

ఇప్పుడు అతనే విడదీశాడు. బలిసినవి ఏరి బుట్టలో పోసి, అరుగు నీడన ఆరబెట్టాడు. చినార్ ఆకులు రాలే వేళ పాతాలని.

మర్నాటికి బుట్ట ఖాళీ.

సాయంత్రానికి గోడ అవతల వాంతులు. ఇల్లంతా వాంతులు.

రంజాన్ భార్య హాజ్రా గోడ పట్టుకుని వచ్చింది. "మా పుట్టింటివాళ్లు వచ్చారు భాయిజాన్! చిన్న ప్రాన్ ఉల్లిపాయలనుకుని మాంసంలోకి నూరాను. విషమని చెప్పొద్దూ?"

"దొంగతనానికి ముందు అడిగితే చెప్పేవాణ్ణి."

"చూస్తే అచ్చం ఉల్లిలాగే ఉంది మరి!"

"వాసన లేని ఉల్లిని నూరావు. ఆవుని నువ్వు మేపుతున్నావా, నిన్ను ఆవు మేపుతోందా?"

నవ్వు వచ్చింది. ఎన్నాళ్లకో.

రహతీకి చెబుదామని లోపలికి తిరిగాడు.

తిరిగి —

ఆగిపోయాడు.

బలిసినవి కూరలోకి పోయాయి. మిగిలినవి పక్కన పారేసిన పీలగడ్డలు. అవి పూస్తాయో పూయవో రహతీకి తెలుసు. అతనికి తెలియదు.

చినార్ ఆకులు రాలాయి. ఎడంగా, జానెడు లోతున పాతాడు. మంచు పడింది. మంచు కరిగింది.

ఆకులు లేచాయి. పచ్చగా. పల్చగా.

ఒక్క మొక్క నడుమ మాత్రం ఏదో లావుగా, మొన తేలి…

గోడ మీదికి రంజాన్ వంగాడు. తాడు తెచ్చాడు. "అది మొగ్గేనా భాయిజాన్? చుట్టుకున్న ఆకులా ఉందే?"

"కళ్లు లేవా నీకు?" అన్నాడు అహద్.

అతనికీ తెలియదు.

రంజాన్ వెళ్లలేదు. తాడు విప్పనూ లేదు.

అహద్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముట్టుకోలేదు. ముక్కు దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని, ఊపిరి పీల్చాడు.

తడి మట్టి వాసన.

మళ్లీ పీల్చాడు…