పక్కింటి వాన

ఫ్యాక్టరీ నుంచి రాగానే ఆమె చెప్పులు విప్పకుండానే వెనక గదిలోని బకెట్ల వంక చూసేది. నిండినవాటిని తీసుకెళ్ళి పెరట్లో డ్రమ్ములో వంపి, ఖాళీవి మళ్ళీ చోటు చూసి పెట్టి, ఆ తర్వాతే మొహం కడుక్కునేది. పొద్దున్నుంచీ బెల్టు మీద కదిలిపోయే పళ్ళలోంచి మచ్చలున్నవి ఏరీ ఏరీ వేళ్ళు కొంకర్లు పోయి ఉండేవి. ఆ వేళ్ళతోనే గుడ్డ పిండి నేల తుడిచేది. తుడిచినచోట మళ్ళీ చినుకు పడేది.

అది వాళ్ళ ఊరి వాన. అక్కడ పడినప్పుడల్లా ఇక్కడ, ఈ అద్దెఇంటి వెనక గదిలోనూ పడేది. గిన్నెలతో, పరుపులతో పాటు అదీ వాళ్ళ వెంట వచ్చేసింది. వీధిలో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఆమెకి వానమ్మాయి అని పేరు పెట్టి ఊరుకున్నారు. నీళ్ళు కావలసినవాళ్ళు పెరటి గుమ్మంలోంచి వచ్చి డ్రమ్ములోంచి ఓ బకెట్ ముంచుకుపోయేవాళ్ళు, పలకరింపు లేకుండా.

అత్తగారు మడత మంచం మీద గొడుగేసుకు కూర్చుని కూరగాయలు తరిగేది.

"మీ పుట్టింటి వైపు వానే ఇది. చూడు, సరిగ్గా నా మోకాళ్ళ మీదే పడుతుంది," అని సణిగేది.

"మీరే గది మారొచ్చు కదత్తయ్యా?"

"మారితే నాకేం తోస్తుంది?"

వానమ్మాయి మొగుడు అదే ఫ్యాక్టరీలో, చల్లగదుల్లో పెట్టెలు మోసేవాడు. ఆ ఫ్యాక్టరీ వచ్చాకే ఊరు ఇలా అయింది. ఏ మూల నుంచో వచ్చినవాళ్ళు, ఎవరి భాష వాళ్ళది. ఒకసారి కౌన్సిలరు అందరూ కలిసిమెలిసి ఉండాలని మీటింగు పెట్టాడు. ఒక చోటి వాళ్ళు ఒక బెంచీ మీద, ఇంకో చోటి వాళ్ళు ఇంకో బెంచీ మీద కూర్చుని, బన్నులు తిని, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు.

ఆ బన్నులు చేసింది పక్కింటి బేకరీ ఆవిడ. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. తెల్లారకముందే పొయ్యి వెలిగించి, మధ్యాహ్నానికి షట్టర్ సగం దించి పడుకోవాలి. పడుకోవడమే గానీ నిద్ర ఉండేది కాదు. ఆవిడ మొగుడు కంకర మిల్లులో జీవితమంతా పనిచేశాడు. మిల్లు మూతబడింది గానీ దాని మోత ఆయన చెవుల్లోంచి పోలేదు. కళ్ళు మూస్తే చాలు, లోపల రాళ్ళు నలిగేవి. లేచి గదిలో అటూ ఇటూ తిరిగేవాడు. ఆయన తిరుగుతుంటే ఆవిడకి కన్నంటుకునేది కాదు. డాక్టర్లయ్యారు, మాత్రలయ్యాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి కూడా ఇద్దరికీ ఓపిక లేకుండా పోయింది.

రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకానించే ఆవిడ పిండి బస్తాలు పేర్చుకునేది.

ఓ రోజు వానమ్మాయి ఇంకా గేటు తీస్తుండగానే బేకరీ ఆవిడ ఎదురొచ్చింది. గుప్పిట తెరిచి చూపించింది.

"ఇది పిండేనా? సిమెంటా? నువ్వే చెప్పు."

పిండి ఉండలు కట్టి నీలంగా బూజు పట్టి ఉంది.

"గోడకి ప్లాస్టిక్ పట్టా కొట్టాం అక్కా. అయినా చెమ్మ దిగుతోంది..."

"అక్కా గిక్కా అనకు. ముందు ఆ వాన ఆపండి."

"మా చేతుల్లో ఏముందండీ? అక్కడ ఆగితే ఇక్కడా ఆగుతుంది."

"అయితే అక్కడే ఉండాల్సింది."

అనేసి వెళ్ళిపోయింది. అన్నాక ఆవిడకి నోరు చేదెక్కింది. కానీ వెనక్కి వచ్చి సర్దిచెప్పే ఓపిక ఎక్కడిది? ఇంట్లో పిండి తడిసింది, మొగుడు తిరుగుతున్నాడు, పొయ్యి పిలుస్తోంది. అద్దెకిచ్చిన ఇంటాయనకి ఫోన్ చేసి, వాళ్ళైనా ఉండాలి నేనైనా ఉండాలి, అని తేల్చేసింది. రెండిళ్ళూ ఆయనవే. బేకరీ ఏళ్ళ తరబడి ఉన్న అద్దె. ఆయన ఆలోచించే పనే లేదు.

నెలాఖరు లోపల ఖాళీ చెయ్యమన్నాడు.

మొగుడూ పెళ్ళాలు పని దిగాక ఇళ్ళ కోసం తిరిగారు. ఎక్కడా ఎవరూ గట్టిగా ఒక మాట అనలేదు. కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు. "మీరు మంచివాళ్ళే, మా గోడలే పాతవి," అన్నారు. చివరికి అతను ఫ్యాక్టరీ మగవాళ్ళ హాల్లో చాప వేసుకోవడానికీ, అత్తాకోడళ్ళు దూరాన వేరే ఊళ్ళో ఉన్న ఆడపడుచు దగ్గరికి పోవడానికీ ఒప్పుకున్నారు. అక్కడ ఇప్పటికే ఒకే గదిలో అరడజను మంది. మళ్ళీ ఎప్పుడు కలిసి ఉంటామని ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు. అడగడానికీ చెప్పడానికీ కూడా బలం కావాలి.

ఆదివారం మధ్యాహ్నం వ్యాను వచ్చింది. మొగుడు ముందుగానే తన సంచీ హాల్లో పెట్టి రావడానికి వెళ్ళాడు. వానమ్మాయి, డ్రైవరూ కలిసి సామానంతా ఎక్కించారు. ఆఖరికి మడత మంచం ఒక్కటే మిగిలింది. అప్పుడే వాన మొదలైంది. మామూలు వాన కాదు, జోరువాన. ఖాళీ గది డప్పులా మోగింది.

బేకరీ ఆవిడ అన్నానికి పిలుద్దామని చూస్తే ఇంట్లో మొగుడు లేడు. పెరట్లోనూ లేడు. పక్కింటి తలుపు బార్లా తీసి ఉంటే లోపలికి తొంగిచూసింది.

వాన కింద, మడత మంచం మీద, నోరు తెరుచుకుని వెల్లకిలా పడి ఉన్నాడు. ప్రాణం పోయిందేమోనని ఆవిడ లోపలికి ఉరికింది. అత్తగారు ఆయన మొహానికి అడ్డంగా గొడుగు పట్టుకు నిలబడి, వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ష్... వచ్చాడు. ఈ చప్పుడులో రాళ్ళ మోత వినపడట్లేదు, కాసేపు కూర్చోనా అన్నాడు. కూర్చున్నాడు. అలాగే వాలిపోయాడు."

అప్పుడు వినపడింది ఆవిడకి, వాన చప్పుడు మధ్య గురక. పెళ్ళైన కొత్తలో ఈ గురకకే ఎంత విసుక్కునేదో. తడి గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బయట హారన్ మోగింది.

"మంచం ఎక్కిస్తే పోదామమ్మా! ఇంకెంతసేపు?"

బేకరీ ఆవిడ విసవిసా వెళ్ళింది. "ఇంకోసారి మోగించావంటే తాళంచెవి లాక్కుంటా! దించు సామాను."

"ఎక్కించింది ఇప్పుడేగా! ఎవరు దించమన్నారు?"

"నేనంటున్నా. ఇంటాయనతో నేను మాట్లాడతా. పిండి ముందు గదిలోకి మార్చుకుంటా."

వానమ్మాయి గడపలో నిలబడి వింటోంది. ఆమె మొహంలో సంతోషం లేదు.

"అంటే, మీ ఆయన నిద్ర కోసం మేం ఉండాలా?"

బేకరీ ఆవిడ గడప దగ్గరికి వచ్చింది. పైట చెంగుతో మొహం తుడుచుకుంది.

"అవును. అందుకే అడుగుతున్నా. వేరే ఏం చెప్పినా అబద్ధమే." చెంగు దోపుకుని, "మొన్న అన్న మాట మాత్రం అనకూడనిది. అది ఆయన నిద్రపోయినా పోకపోయినా అనకూడనిదే," అంది.

వానమ్మాయికి కోపం రావాలి. రాలేదు. కాళ్ళు పీకుతున్నాయి. ఈ సామానంతా దించాలన్నా భయమే, ఎక్కించుకు పోవాలన్నా భయమే. మొగుడికి ఫోన్ చేసి, "సంచీ తీసుకుని వచ్చెయ్యి," అని మాత్రం చెప్పింది. ఎందుకో చెప్పలేదు. తర్వాత గడప మీద కూలబడింది. కాసేపటికి బేకరీ ఆవిడా పక్కనే కూర్చుంది. లోపలి నుంచి పారి వచ్చిన నీళ్ళు ఇద్దరి పాదాల కిందుగా వీధిలోకి పోతున్నాయి. డ్రైవరు గొణుక్కుంటూ పరుపు దించుతున్నాడు.

"ఎంతసేపు పడుతుంది?" అడిగింది ఆవిడ.

వానమ్మాయి తల వంచి చప్పుడు విన్నది. "ఇది కొండ వైపు నుంచి వచ్చిన వాన. పొద్దుగూకేదాకా ఆగదు."

"కొండ ఉందా మీ ఊళ్ళో?"

గోడ పక్కన ఇన్నాళ్ళున్నా ఆ ఊరి గురించి ఎవరైనా అడగడం అదే మొదటిసారి. వానమ్మాయి ఆవిడ మొహంలోకి చూసింది, వెక్కిరింత ఏమైనా ఉందేమోనని. నిద్రలేక ఉబ్బిన కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. వేలు నీళ్ళలో ముంచి, పొడి గచ్చు మీద ఓ గీత గీసింది.

"ఇది కొండ. ఇదిగో, ఏరు ఇలా వస్తుంది. ఇక్కడ చిన్న వంతెన..."

గీతలు ఆరిపోతుంటే మళ్ళీ తడిపి గీస్తోంది. కళ్ళజోడు తెచ్చుకోలేదని బేకరీ ఆవిడ ఇంకా ముందుకి వంగింది.

"మీ ఇల్లు వంతెనకి ఇవతలా, అవతలా?"